మీ నాన్నతో చెప్పు

బుధవారం పొద్దున సుభాషిణి పాలగిన్నె బయటికి తీస్తుంటే, తనకి చలేస్తోందని ఫ్యానుతో చెప్పమంది ఫ్రిజ్. సుభాషిణి పాలు స్టవ్ మీద పెట్టి, హాల్లోకి వెళ్ళి, ఫ్యాను కింద నిలబడి చెప్పింది. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగేంతసేపు ఆలోచించింది.

"అయితే నన్నేం చెయ్యమంటుంది? నోరు మూసుకోమని చెప్పు" అంది.

సుభాషిణి వంటింట్లోకి తిరిగొచ్చింది. "తలుపు కాస్త దగ్గరగా వేసుకుంటే వెచ్చగా ఉంటుందేమో అంటోంది ఫ్యాను. నీ గురించి బెంగపడుతోంది పాపం" అని ఫ్రిజ్‌కి చెప్పింది. ఫ్రిజ్ సంతోషించి ఊరుకుంది. అప్పటికి పాలు పొంగు మీదికొచ్చాయి. ఆమె స్టవ్ కట్టేసింది.

ఇందులో వింతేముందో సుభాషిణికి తోచలేదు. ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యడం ఆమెకి ఏడేళ్ళప్పటి నుంచీ అలవాటైన పని.

ఇప్పుడామెకి నలభై దాటాయి. కాకినాడ బస్టాండులో విచారణ కౌంటరు వెనక కూర్చుని, ఏ బస్సు ఎప్పుడొస్తుందో అడిగినవాళ్ళకి చెబుతుంది, అడగనివాళ్ళకి మైకులో చెబుతుంది. ఆమె భర్త పేరు వామనరావు, మనిషి మాత్రం ఆరడుగుల పైన ఉంటాడు. మెయిన్ రోడ్డులో కళ్ళద్దాల షాపు నడుపుతాడు. కూతురు లాస్య ఏడో తరగతి చదువుతోంది. ముగ్గురూ ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటారు. వాళ్ళింట్లో గొంతు పెంచి మాట్లాడినవాళ్ళు లేరు.

సుభాషిణిలో ఉన్న విశేషం ఒక్కటే. తన మాటగా ఏదీ చెప్పదు. కాఫీ తాగుతావా అంటే, "పొద్దున్నే కాఫీ మంచిదేనని టీవీలో డాక్టరు చెప్పారండి" అంటుంది. తలనొప్పా అని అడిగితే, "మొహం అలా ఉందేంటని మా సూపర్‌వైజరు గారు అడిగారండి" అంటుంది. పెళ్ళిచూపుల్లో వామనరావు ధైర్యం చేసి, నేను నీకు నచ్చానా అని అడిగాడు. "మా పిన్నికి మీరు బాగా నచ్చారు" అందామె. ఆ పిన్నిగారి మీద గౌరవం కొద్దీ వామనరావు ఇప్పటికీ ఆవిడ పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు.

శుక్రవారానికల్లా ఇంట్లో వస్తువులన్నిటికీ సుభాషిణి పని తెలిసిపోయింది. కుళాయికి బకెట్టు మీద ఏదో కోపం. ఎడంకాలి చెప్పుకి కుడికాలి చెప్పు నడక నచ్చలేదు. గోడగడియారంలో చిన్న ముల్లు పెద్ద ముల్లుతో మాట్లాడడం మానేసింది. గంటకోసారి రెండూ ఎదురుపడినప్పుడు సుభాషిణిని కేకేసేది. బస్టాండులో అమలాపురం బస్సు, తనకి అడ్డంగా నిలబడ్డ తుని బస్సుని నాలుగు తిట్టమంది. సుభాషిణి మైకు అందుకుంది.

"తుని బస్సు వారికి మనవి. మీ కొత్త రంగు చాలా బాగుందని అమలాపురం బస్సు వారు అంటున్నారు. కాస్త వెనక్కి జరిగితే ఇంకా బాగా కనబడతారట."

తుని బస్సు సిగ్గుపడి వెనక్కి జరిగింది. డ్రైవరు అప్పటికి టీ తాగడానికి వెళ్ళి ఉన్నాడు. ఈ మధ్య బస్టాండు ఎంత ప్రశాంతంగా ఉందోనని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సుభాషిణి కాళ్ళు పిక్కలదాకా వాచిపోయి ఉండేవి. కూర్చున్నా పాదాలు ఆగేవి కావు. సోఫా ముందు అవి రెండూ వాటి మానాన అవి పరుగెడుతూనే ఉండేవి.

శనివారం వామనరావు కాకరకాయలు తెచ్చాడు. ఆ వారంలో తేవడం అది మూడోసారి. సుభాషిణికి ఒళ్ళు మండింది, కానీ ఆ మంటని ఏ మాటలో పెట్టి బయటికి పంపాలో తెలియలేదు. మొహం ముడుచుకుని కూర వండింది. ఆ మొహం చూసి వామనరావు చిన్నబుచ్చుకుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరికీ మధ్య భోజనాల బల్ల మీద లాస్య లెక్కలు చేసుకుంటోంది.

"లాస్యా, భోజనానికి రమ్మని మీ నాన్నతో చెప్పు" అంది సుభాషిణి.

వామనరావు బల్లకి అటువైపే ఉన్నాడు. చెయ్యి చాపితే ఆమె చేతిలో గరిటె అందుతుంది.

"ఆకలి లేదని మీ అమ్మతో చెప్పు" అన్నాడు పేపరు దించకుండా.

లాస్య పెన్సిలు పక్కన పెట్టి లేచింది. ఆ పిల్ల లేవగానే హాలు సాగింది. టైల్స్ ఒకదాని పక్కన ఒకటి కొత్తగా పుట్టుకొచ్చాయి. వామనరావు కూర్చున్న కుర్చీ దూరం జరిగి జరిగి, అంతటి మనిషీ అగ్గిపుల్లంత కనిపించాడు. లాస్య తండ్రి దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్ళి, తల్లి దగ్గరికి పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇప్పుడాకలి లేదంట. కానీ కూర వాసన చాలా బాగుందన్నాడు నాన్న. రోజంతా పనిచేసి నువ్వు అలిసిపోయుంటావని కూడా అన్నాడు."

వామనరావు ఆ మాటలేవీ అనలేదు. అవి ఎక్కడ తయారయ్యాయో సుభాషిణికి తెలుసు. సగం దారిలో ఓ క్షణం ఆగాలి. చేతికిచ్చిన మాటని గోడవార దింపేసి, దాని బదులు ఇంకోటి చేసుకుని తీసుకెళ్ళాలి. అందించాక ఎదుటి మనిషి మొహంలోకి చూడాలి, ఈ పూటకి ఇల్లు నిలబడిందో లేదో అక్కడ కనబడుతుంది. లాస్య ఇప్పుడు అలాగే చూస్తోంది, పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడినట్టు.

సుభాషిణి గరిటె బల్ల మీద పెట్టింది.

"ఏవండీ" అంది. ఆ తరవాత ఏమనాలో తెలియలేదు. నోట్లో కుళాయి మాటలున్నాయి, చెప్పుల మాటలున్నాయి. తనవి ఎంత వెతికినా దొరకలేదు. వామనరావు పేపరు దించి, వాచిన ఆమె కాళ్ళ వంకా, చెమట పట్టిన కూతురి వంకా చూసి, సోమవారం గొంతు డాక్టరు దగ్గరికి వెళదామన్నాడు.

డాక్టరు ఇందుమౌళి గారు పెద్దాయన. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని ముందుకి వంగాడు.

"నోరు తెరవండమ్మా. ఆ అనండి."

"ఆ అనమంటున్నారండి" అని భర్తతో చెప్పింది సుభాషిణి.

"ఎప్పటి నుంచి ఇలా?" అన్నాడు డాక్టరు.

"ఎప్పటి నుంచని అడుగుతున్నారండి."

డాక్టరు ఇంక మాట్లాడకుండా నాలుక నొక్కిపట్టి లోపలికి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇక్కడ గొంతు ఉండాలండి" అన్నాడు. "గొంతు ఉండాల్సిన చోట వసారా ఉంది."

"వసారాయా?" అన్నాడు వామనరావు.

"పొడుగాటి వసారా. ఎర్ర గచ్చు. ఆ చివర బల్బు వెలుగుతోంది. ఎవరో పరుగెడుతున్న చప్పుడు. చిన్న కాళ్ళలా ఉన్నాయి. మీరూ చూస్తారా?"

వామనరావు కళ్ళకి సంబంధించిన మనిషి కాబట్టి ఆసక్తిగా వంగి చూశాడు. "అవునండి. సున్నం కొట్టించి చాలా ఏళ్ళయినట్టుంది" అన్నాడు.

డాక్టరు టార్చి ఆర్పి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందని అడిగాడు.

"ఏమీ జరగలేదండి" అంది సుభాషిణి. ఆ మాట వాళ్ళమ్మది. తడుముకోకుండా వచ్చింది.

"కొట్టేవారా?"

"లేదండి. వేళకి అన్నం పెట్టేవారు. రెండు జడలు వేసేవారు."

"మరి?"

మరి అంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సుభాషిణి రెండో తరగతిలో ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, వాళ్ళమ్మ కనకరత్నం వంటింట్లోంచి, "బియ్యం అయిపోయాయని మీ నాన్నతో చెప్పు" అంది. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే వాళ్ళ నాన్న గంగాధరం ముందుగదిలోంచి, "నాకు వినబడిందని మీ అమ్మతో చెప్పు" అన్నాడు. ఆ రోజు మొదలు వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. ఎందుకు మానేశారో ఇద్దరికీ గుర్తులేదు. మధ్యలో వసారా ఉంది, వసారాలో సుభాషిణి ఉంది. బడిలో కూర్చున్నా ఆమె ఒక చెవి ఇంటి దగ్గరే వదిలి వచ్చేది. పిల్లలందర్నీ అన్నవరం తీసుకెళితే తను వెళ్ళలేదు, ఒక్క పూట తను లేకపోతే ఆ ఇల్లు మధ్యకి విరిగిపోతుందని భయం. ఆటల్లో చేరేది కాదు, ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు కనుక. ఇవన్నీ ఆమె డాక్టరుకి చెబుతుంటే వామనరావు కూడా మొదటిసారే విన్నాడు. మామగారు మితభాషి అని మాత్రమే ఆయనకి తెలుసు.

"అంతేనండి. ఏమీ జరగలేదు" అని ముగించింది సుభాషిణి.

"జరగాల్సింది జరక్కపోవడం కూడా జరగడమేనండి" అన్నాడు డాక్టరు. "ఇది కోస్తే పోయేది కాదు, మందేస్తే తగ్గేదీ కాదు. ఆ వసారా ఏ ఇంటిదో అక్కడికెళ్ళి చూసుకోవాలి. సొంతిల్లా, అద్దె ఇల్లా?"

"అద్దె ఇల్లేనని మా నాన్నగారు అంటారండి."

"మరీ మంచిది" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "అద్దె ఇల్లయితే ఖాళీ చెయ్యొచ్చు."

ఆదివారం ముగ్గురూ సామర్లకోట వెళ్ళారు. గంగాధరం రిటైరై చాలాకాలమైంది. ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చుని దగ్గుతున్నాడు.

"వచ్చేరా. మీ అమ్మతో చెప్పేవా, వచ్చేమని?" అన్నాడు కూతురితో.

"లేదండి."

"చెప్పిరా మరి. ఆవిడ ఎదురుచూస్తా ఉంటది. నా దగ్గు విని ఎంత కంగారు పడుతుందో ఏంటో. 'ఆయన దగ్గుతుంటే ఆ దగ్గు నా గుండెల్లో వినబడుతుంది' అందంట ఒకసారి, నువ్వే వచ్చి చెప్పేవు. అలాంటి మాట అనేవాళ్ళు ఎంతమందుంటారు లోకంలో?"

సుభాషిణికి ఆ రోజు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ అన్నది, "ఆ దగ్గేదో వీధిలోకెళ్ళి దగ్గమను" అని.

ముందుగదికీ వంటింటికీ మధ్య ఒకప్పుడు నాలుగంగల వసారా ఉండేది. ఆమె ఒక్కో మాట మోసినప్పుడల్లా అది ఒక్కో జానెడు పెరిగింది. ఇప్పుడు ఆ చివర ఈ చివరకి కనబడదు. షేర్ ఆటోలు తిరుగుతున్నాయి. సగం దారిలో మంగతాయారు అనే ఆవిడ టీ కొట్టు పెట్టుకుంది. పొడుగు పెరిగింది గానీ ఎత్తు పెరగలేదు; కప్పు ఏడేళ్ళ పిల్ల తలకి కొంచెం పైన ఉంది, అంతే. వామనరావు రెండు రకాలుగా వంగి చూసి, తన వల్ల కాదని తేలాక, వీధి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సుభాషిణి నడుం వంచి, లాస్య తల వంచి లోపలికి నడిచారు.

వసారా నిండా కోళ్ళున్నాయి.

"నీ వంట గొడ్లు కూడా ముట్టవు" అంది ఒక తెల్లకోడి, గచ్చు మీద గింజ ఏరుకుంటూ.

"ఈ మనిషితో వేగడం కంటే రైలు కింద తల పెట్టడం నయం" అంది ఇంకోటి. ఆ వెనకే దాని పిల్లలు కీచుమంటూ, "నయం, నయం" అంటూ పోయాయి.

లాస్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎవరివమ్మా ఈ కోళ్ళు?"

సుభాషిణి ప్రతి కోడినీ గుర్తుపట్టింది. చిన్నప్పుడు అందించకుండా గోడవార దింపేసిన మాటలు అవి. దింపినవి దింపినచోట ఉండకుండా గుడ్లు పెట్టి, పొదిగి, ఇంత సంసారం చేశాయి.

"కొన్ని మీ తాతయ్యవి. కొన్ని మీ అమ్మమ్మవి" అంది.

"ఎవరివెక్కువ?"

"సమానంగా ఉంటాయి."

వంటింట్లో కనకరత్నం కుక్కరు పెడుతోంది. కూతుర్నీ మనవరాలినీ చూసి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇద్దరికీ జంతికలు పెట్టింది. మీ నాన్న ఎలా ఉన్నారని కూతుర్ని అడిగింది. ఆయన్ని చూసి చాలా ఏళ్ళయిందట. అంత దూరం నడిచే ఓపిక లేదు, ఆటోలో కూర్చుంటే నడుం పట్టేస్తోంది.

"పైకి అలా ఉంటారు గానీ మీ నాన్నది మంచి మనసేనే" అంది పప్పు కడుగుతూ. "నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు ఏమన్నారు? 'మీ అమ్మ లేచి తిరుగుతుంటేనే ఇంట్లో దీపం పెట్టినట్టుంటుంది' అనలేదూ? నువ్వొచ్చి నా చెవిలో చెప్పేవు. ఆ ఒక్క మాట పట్టుకునే ఉన్నాను ఈ ఇంట్లో."

సుభాషిణి జంతిక కొరకడం ఆపింది. ఆ రోజు వాళ్ళ నాన్న అడిగింది, రేపు అన్నం ఎవరు వండుతారో కనుక్కోమని. మూడో తరగతి పిల్ల వసారాలో గోడకి చేరబడి చాలాసేపు ఆలోచించింది. పక్కింటి వాళ్ళ దేవుడి గూట్లో దీపం కనబడింది. అందులోంచి చేసింది ఆ మాట.

ఇటు దీపం. అటు దగ్గు. ఇవన్నీ నావే, అనుకుందామె. భోజనాల బల్ల దగ్గర ఎంత వెతికినా తన మాటలు దొరకని మనిషికి, ఎన్నో ఏళ్ళుగా రెండు గదుల్లో ఇద్దరు పెద్దవాళ్ళు తన మాటలు తిని బతుకుతున్నారని తెలిసింది. గర్వమో దుఃఖమో తెలియనిదొకటి పైకి లేచింది. అది కోపమని ఇంకాసేపటికి గానీ పోల్చుకోలేకపోయింది, అంతకుముందు దాన్ని చూసి ఉండలేదు కనుక.

అప్పుడు కనకరత్నం మనవరాలి వైపు తిరిగింది.

"లాస్యమ్మా, నీవి కుర్రకాళ్ళు. పరుగెత్తుకెళ్ళి మీ తాతయ్యని అడగవే, పప్పులో మామిడికాయ వెయ్యనా, టమాటా వెయ్యనా అని."

లాస్య అప్పటికే చెప్పుల్లో కాలు పెట్టింది. మొహంలో ఆ మార్కుల చూపు వచ్చేసింది.

సుభాషిణి నోరు తెరిచింది. ముందు ఫ్రిజ్ మాటలు బయటికొచ్చాయి. తరవాత ఫ్యాను, కుళాయి, రెండు చెప్పులు, అమలాపురం బస్సు, సూపర్‌వైజరు, టీవీ డాక్టరు, పిన్ని, అందరివీ ఒక్కొక్కటిగా వచ్చి, కిటికీలోంచి దిగి వెళ్ళిపోయాయి. ఆమె ఓపిగ్గా నోరు తెరుచుకుని అన్నీ వెళ్ళేదాకా ఆగింది. అన్నిటికంటే అడుగున ఒకటి మిగిలింది. చిన్నది.

"వద్దు" అంది.

లాస్య ఆగింది.

"లాస్య వెళ్ళదు. నేనూ వెళ్ళను. నువ్వెళ్ళి అడుగమ్మా."

"నేనా?" అంది కనకరత్నం. "ఆయనతో నేనెప్పుడు మాట్లాడేనే?"

"మాట్లాడలేదు. నేను మాట్లాడేను. దీపం మాట నాన్నది కాదు. నాది."

కుక్కరు కూత పెట్టింది. కనకరత్నం స్టవ్ ఆర్పడం మరిచిపోయి పీట మీద కూలబడింది.

"మరి ఆయనేమన్నారు?"

"అన్నం ఎవరు వండుతారని అడిగారు."

కనకరత్నం చెయ్యి చాపి స్టవ్ ఆర్పింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను కాపురం చేసింది నీతోనా" అంది.

కనకరత్నం అరచెయ్యి గాలిలో ఎత్తిపట్టి, రెండో తరగతి పిల్ల ఎంతెత్తుంటుందో కొలిచింది. చెయ్యి కిందికి దించింది. ఇంకా దించింది. "ఎంత పిల్లవే అప్పటికి" అంది, తనలో తను అనుకున్నట్టు. తరవాత లేచి, కొంగు నడుముకి చుట్టి, చేతిలో పప్పుగరిటెతోనే నడుం వంచి వసారాలోకి దిగింది.

అవతల గంగాధరం కబురు రాలేదని చూసి చూసి, పిల్ల ఎక్కడ చిక్కుకుందోనని బయల్దేరాడు. ఇద్దరూ మంగతాయారు టీ కొట్టు దగ్గర ఎదురుపడ్డారు. సుభాషిణి, లాస్య వెనకే వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు.

"పప్పులో మామిడికాయా, టమాటాయా?" అంది కనకరత్నం.

గంగాధరం జవాబు చెప్పడానికి పిల్ల కోసం అటూ ఇటూ చూశాడు. పిల్ల టీ తాగుతోంది. ఆమెని ఏమని పిలవాలో ఆయనకి తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆమె పేరు "మీ అమ్మ".

"మీ అమ్మా" అన్నాడు చివరికి. "నాకసలు పప్పంటేనే పడదు."

"పడదా? రోజూ అమృతంలా ఉందన్నారుగా?"

"నేనెప్పుడన్నాను?"

తెల్లకోడి ఆయన కాళ్ళ మధ్య నుంచి వచ్చి, "నీ వంట గొడ్లు కూడా ముట్టవు" అంది.

"ఇది మీదేనా?" అంది కనకరత్నం.

"ఎప్పటిదో" అన్నాడాయన.

అక్కడితో మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా ఆగిన పోట్లాట కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియక, అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టారు. గరిటె ఊగింది. కోళ్ళు ఎగిరి ఆటోల మీదికెక్కాయి. మంగతాయారు పాలగిన్నె మీద మూత పెట్టింది.

సుభాషిణి పాదాలు బల్ల కింద పరుగు మొదలుపెట్టాయి. ఆమె రెండు మోకాళ్ళనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నేనెళ్ళి ఏదో ఒకటి చెప్పనా?" అని గుసగుసగా అడిగింది లాస్య. "తాతయ్యకి నువ్వంటే చాలా ఇష్టమని అమ్మమ్మతో చెబుతాను. ఆగిపోతారు."

"వద్దు నాన్నా. టీ చల్లారిపోతుంది."

"వాళ్ళు విడిపోతే?"

"వాళ్ళు పెద్దవాళ్ళు" అంది సుభాషిణి. "ఆ శనివారం నేను నిన్ను మీ నాన్న దగ్గరికి పంపకుండా ఉండాల్సింది. ఇంకెప్పుడూ పంపను."

లాస్య ఆలోచించింది. "నాన్న కూర గురించి ఏమీ అనలేదు. నేనే అన్నాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

సుభాషిణి చెబుదామనుకుంది గానీ ఏడుపొచ్చింది. అది ఎవరి తరఫునో కాదు, తనదే. మంగతాయారు ఏమీ అడగకుండా ఒక బన్ను తెచ్చి ముందు పెట్టింది. పాదాలు నెమ్మదించి, కాసేపటికి గచ్చు మీద ఆనాయి. ఎర్ర గచ్చు చల్లగా ఉందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళుగా దాని మీద పరుగెత్తడమే గానీ నిలబడింది లేదు.

పోట్లాటలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, గంగాధరం నిటారుగా నిలబడబోయాడు. తల ఠంగుమని కప్పుకి తగిలింది. తడుముకుంటూ పైకి చూశాడు.

"ఈ వసారా ఇంత కిందికి ఎవరు కట్టేరు?" అన్నాడు.

"మీరిద్దరూను" అంది సుభాషిణి బల్ల మీంచి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. గంగాధరం కప్పుని వేళ్ళతో ఒకచోట, ఇంకోచోట ముట్టుకుని చూశాడు. ఎక్కడ ముట్టుకున్నా అంతే ఎత్తుంది. ఆయన మొహంలో ఏదో వదులైంది. "మేం అనుకోలేదమ్మాయ్" అన్నాడు. అంతకంటే ఆయనకి చేతకాలేదు. కనకరత్నం అది కూడా అనలేకపోయింది. కూతురి దగ్గరికొచ్చి, ఆమె తలలో ఇరుక్కున్న కోడి ఈకని తీసి, జుట్టు సర్ది, మళ్ళీ వెళ్ళి ఆపినచోటి నుంచి పోట్లాట అందుకుంది.

వాళ్ళు బయల్దేరేటప్పటికి ఆ గొడవ వంకాయ దగ్గరికి వచ్చింది. ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. వీధి గుమ్మం దగ్గర స్టూలు మీద కునుకుతున్న వామనరావు లేచి, లోపల ఏమైందని అడిగాడు.

"మాట్లాడుకుంటున్నారు" అంది సుభాషిణి. "వాళ్ళిద్దరే."

మర్నాడు సాయంత్రం వామనరావు షాపు నుంచి పెందలాడే వచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. సుభాషిణి ఎదురుగా కుర్చీ వేసుకుని ఆయన వంక చూసి, "నాకు" అంది.

ఆ మాట ఆమె నోట్లోంచి దూడలా తడితడిగా బయటికొచ్చి, బాల్కనీలో నాలుగు కాళ్ళ మీద నిలబడి, చెవులు విదిల్చుకుంది. దాని తోక పట్టుకుని "ఏడేళ్ళప్పుడు" వచ్చింది. దాని వెనక "ఎవరూ", దాని వెనక "ఒక్కసారైనా". "గానీ"లు, "అయినా"లు పిల్లల్లా సందుల్లోంచి దూరి వస్తున్నాయి. బాల్కనీ చాలక అవన్నీ వరసగా మెట్లు దిగడం మొదలుపెట్టాయి. వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి, "మూడో అంతస్తు వాళ్ళదండి" అని దారినపోయేవాళ్ళకి చెబుతున్నాడు.

వాక్యం మెయిన్ రోడ్డు ఎక్కింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ రెండువైపులా బళ్ళు ఆపి నిలబడ్డాడు. లాస్య ఒక పొడుగాటి విశేషణం మీద ఎక్కి కూర్చుని, స్నేహితులకి చెయ్యూపుకుంటూ పోతోంది. జనం కాజాల పొట్లాలు పట్టుకుని అరుగుల మీద సర్దుక్కూర్చున్నారు. ఇంతకీ ఆవిడేమంటోందని ఎవరో అడిగితే, రిటైరైన తెలుగు మాస్టారు కళ్ళజోడు సవరించుకుని వాక్యం పొడుగునా చూస్తున్నాడు.

"నాకు అని మొదలైంది కాబట్టి చివర 'కావాలి' రావచ్చు. 'గుర్తుంది' రావచ్చు. 'తెలియలేదు' అన్నా రావచ్చు. క్రియ వస్తేగానీ చెప్పలేమండి."

వామనరావు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. సుభాషిణి మాటకీ మాటకీ మధ్య ఒక గుక్క తాగుతోంది. తొందరేమీ లేదు. "నాకు" ఈపాటికి సముద్రం చేరి, మెడలోతు నీళ్ళలో, పడవల మధ్య నుంచి ముందుకి నడుస్తోంది. ఊరంతా ఆమె బాల్కనీ వైపు తలెత్తి చూస్తోంది. క్రియ ఇంకా రాలేదు.